ఒకే బాబాయి నలుగురయ్యాడు

మా బాబాయి ఒక్కడే. నా ఫోన్లో మాత్రం నలుగురు. ఒకాయన సున్నాతో మొదలవుతాడు, ఇంకొకాయన ప్లస్ 91తో. మూడో ఆయన ముందువెనకలేమీ లేకుండా బోడిగా పది అంకెలు. నాలుగో ఆయనకు పేరుంది, నెంబరు లేదు. కంప్యూటర్లో ఉన్న పేర్లన్నీ ఫోన్లోకి తెచ్చుకుందామని ‘సింక్’ మీద ఒక్క నొక్కు నొక్కిన పాపానికి పుట్టిన సంతానం ఇది.

ఈ పని తేలిక చేయడానికే ఆపిల్, ఐబీఎం, ఏటీ అండ్ టీ, సీమెన్స్ కలిసి 1995లోనే వీకార్డ్ అని ఒక పద్ధతి పెట్టాయి. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ మోగిందీ ఆ ఏడే. అప్పట్నుంచి వీకార్డ్ 2.1, 3.0, 4.0 అంటూ అవతారాలెత్తుతూనే ఉంది. చిక్కల్లా ఒక అవతారాన్ని కొలిచే యంత్రం ఇంకో అవతారాన్ని గుర్తుపట్టకపోవడమే. ఫోన్లో ‘అత్తయ్య’ అని తెలుగులో రాసుకున్నాను. ఫోను దాన్ని 2.1లో మూటగట్టింది. కంప్యూటర్‌కి మూట విప్పడం రాదు. సమానం గుర్తు, ఈ, సున్నా, మళ్ళీ సమానం గుర్తు, బి, సున్నా... మొత్తం 63 గుర్తుల దండకం! ఆవిణ్ణి ఎదురుగా నిలబెట్టి కూడా ఎవరూ అన్ని మాటలు అనలేదు.

ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గొడవ సరేసరి. ఇంటిపేరు ముందొచ్చే జాతి ఒకటుందని ఆ గళ్ళు గీసినవాడికి ఎవరూ చెప్పలేదు.

ఎప్పుడో ఖాళీచేసిన ఇంటి ఓనర్ని మొన్న ఫోన్లోంచి తీసేశాను. మర్నాడు కంప్యూటర్లోంచి తిరిగొచ్చాడు. తీసేసిన గుర్తు ఎక్కడో మిగల్చకపోతే, రెండో యంత్రం ‘అయ్యో, ఈయన మీ దగ్గర లేడే’ అని పంపించేస్తుందట. అంటే కర్మకాండ జరగలేదన్నమాట. ప్రేతం గుమ్మంలోనే ఉంటుంది మరి.

పది అంకెలు మోయడం యంత్రానికి ఇంత భారమా అని జాలిపడబోయాను. అంతలో టార్చిలైటు యాప్ ఒకటి అడిగింది: మీ కాంటాక్ట్స్ చూడొచ్చా? వెలుతురుకి మా అత్తయ్యతో పనేమిటో! 2020లో హైదరాబాద్‌లో అప్పుల యాప్‌ల మీద కేసులు పడ్డప్పుడు చూశాం కదా. వాయిదా తప్పితే చాలు, అప్పు చేసినవాడి ఫోన్లో ఉన్న చుట్టాలకీ స్నేహితులకీ తిట్లు అందాయి. ఆ యాప్‌లవాళ్ళకి సున్నా అడ్డం రాలేదు, ప్లస్ 91 అడ్డం రాలేదు, వీకార్డ్ ఎన్నో అవతారమో అసలే అడ్డం రాలేదు. కాంటాక్ట్స్ జోలికి పోవద్దని రుణ యాప్‌లకు 2022లో రిజర్వు బ్యాంకే చెప్పాల్సొచ్చింది. మన పేర్లు మనకి చేరవేయమంటేనే ఈ బండికి ఇరుసు విరుగుతుంది. అప్పులవాడు ఎక్కితే విమానం.

నిన్న బాబాయే ఫోన్ చేశాడు. తెరమీద పేరు పడలేదు, వట్టి నెంబరు.

‘ఎవరండీ?’ అన్నాను.

నలుగురిలో ఏ బాబాయో, పాపం, ఠక్కున పెట్టేశాడు.