బల్లకింద వీవీప్యాట్

కనుమ పండగ ముగిసి, పశువుల కొమ్ములకు పూసిన రంగులింకా వెలవకముందే మా సోషల్ సార్లకు ఇంకో పండగ వచ్చిపడుతుంది. జనవరి 25, జాతీయ ఓటర్ల దినోత్సవం. 1950లో ఎన్నికల సంఘం పుట్టిన రోజది. 2011 నుంచీ దాన్ని ఓటర్ల పండగ చేశారు. పైనుంచి ఉత్తర్వు దిగుతుంది: వ్యాసరచన, ముగ్గుల పోటీ, ర్యాలీ, ప్రతిజ్ఞ, సాయంత్రంలోగా ఫోటోలు. ప్రజాస్వామ్యం పిల్లల బుర్రకెక్కిందా అని ఎవరూ అడగరు గానీ, ఫోటో ఎక్కిందా అని మాత్రం మాటిమాటికీ ఫోన్లు.

2018లో బళ్ళలో ఎన్నికల అక్షరాస్యత క్లబ్బులు కూడా పెట్టించారు, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఉన్న ‘భావి ఓటర్ల’ కోసం. తిరుపతికి దగ్గర్లోనే ఉన్న మా హైస్కూల్లో ఆ క్లబ్బు నా నెత్తినే పడింది. ఎన్నికల డ్యూటీల్లో ప్రిసైడింగ్ ఆఫీసరు(పీవో)గా చేసి చేసి అరిగిపోయినవాణ్ణి, ఈ పిల్లకాయలకి నేర్పేదెంత అనుకుని పాఠం మొదలుపెట్టా. ఓటు రహస్యమన్నా.

“రహస్యమేంది సార్? మా ఈదిలో ఎవురు దేనికేసినారో పొద్దుగూకేలోపల మా జేజి చెప్పేస్తాది” అంది ముందు బెంచీ పిల్ల.

సరే, ఊరి గొప్పతో మొదలుపెడితే వింటారేమోనని, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారి సంగతి చెప్పా. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు గెలిచి, 1956లో స్పీకరైన మనిషి. తొలిరోజుల్లో లెక్కల మేష్టారుగా చేశాడని కూడా అన్నా. అంతే, పక్క గదిలోంచి మా లెక్కల సారు గుమ్మంలోకొచ్చి, “సభని అదుపులో పెట్టాలంటే లెక్కలొచ్చినోడే కావాల” అని అందరికీ వినబడేట్టు చెప్పి పోయాడు. పిల్లలకు మాత్రం ఇందులో ఉప్పూకారం తగల్లేదు. 1983లో ఎన్టీఆర్, 2009లో చిరంజీవి మన తిరుపతి నుంచే గెలిచారన్నాక గానీ బెంచీలు కదల్లేదు. అప్పుడే చిరంజీవి పాలకొల్లులో ఓడిపోయాడన్నా. “సొంత జిల్లావోళ్ళు ఓడిచ్చినా మనం ఇడిసిపెట్టలేదు సూడు సార్” అని, అప్పటికింకా పుట్టనివాడొకడు కాలరెగరేశాడు.

నాకిష్టమైన పాఠం వేరే ఉంది. కంచి దాటి ఇంకొంత దూరం పోతే ఉత్తరమేరూరు. పదో శతాబ్దంలో, పరాంతక చోళుడి కాలంలో, అక్కడ గుడి గోడమీద ఎన్నికల నిబంధనలు చెక్కించారు. తాటాకుల మీద పేర్లు రాసి కుండలో వేస్తారు. పూజారుల్లో పెద్దాయన కుండను నలుగురికీ కనబడేట్టు పైకెత్తుతాడు. ఏమీ ఎరగని చిన్నపిల్లాడు ఒక ఆకు తీస్తాడు. దాన్ని అందుకునే పెద్దమనిషి అయిదు వేళ్ళూ విప్పి, తెరిచిన అరచేతిలోనే పట్టుకోవాలి. వెయ్యేళ్ళ కిందటే పెద్దమనుషుల గుప్పిటంటే ఊరికి ఎంత నమ్మకమో చూడండి! పైగా లెక్కలు అప్పజెప్పనివాడే కాదు, వాడి దగ్గరి చుట్టాలు కూడా పనికిరారు. ఇది వినగానే ఒక పిల్లాడు దిగాలుగా, “అట్టయితే మా పంచాయతీలో నామినేషనేసేదానికి ఒగురూ మిగలరు సార్” అన్నాడు.

ఇక లాభం లేదని మా బడి లీడరుకి నిజంగానే ఎన్నిక పెట్టా. గుర్తుల దగ్గరే పేచీ. తిరుపతి పిల్లలు గదా, మొదటివాడు లడ్డు కావాలన్నాడు. మతం పేరుతో ఓటడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం తప్పురా, ఎదుటివాళ్ళు ఊరుకోరన్నా. “అయితే బూందీ ఇయ్యండి సార్. ముద్ద కట్టకముందు అది మామూలు బూందీనే గదా?” వీడు పెద్దయితే హైకోర్టులో తేలతాడు. ఇంకొకడికి ఎద్దు కావాల. ప్రచారానికి నిజం జంతువుల్ని ఈడ్చుకొచ్చి హింసపెడతారని ఎన్నికల సంఘం వాటిని కొత్తగా ఇవ్వడం ఎప్పుడో మానేసింది. మావాడింట్లో పశువుల పండక్కి పరిగెత్తిన కోడె నిజంగానే ఉంది గనక, సంఘం ముందుచూపుకి దణ్ణం పెట్టుకున్నా. చివరికి సంఘం జాబితాలోంచే బెండకాయ, టూత్‌బ్రష్, పచ్చిమిరపకాయ సర్దుకున్నారు.

ప్రచారం ఎట్లా చెయ్యాలో నేను నేర్పక్కర్లేకపోయింది. బెండకాయ అభ్యర్థి మధ్యాహ్న భోజనంలో ఇచ్చే చిక్కీలు తన బ్యాచీ దగ్గర పోగుచేసి ఆరో తరగతికి పంచిపెట్టాడు. ఇచ్చినవాళ్ళకీ పుచ్చుకున్నవాళ్ళకీ కూడా ఏడాది దాకా జైలని బెదిరించా. బుడ్డదొకతె చిక్కీ కొరుకుతానే, “బెండకాయోళ్ళ దగ్గిరా తీసుకున్యా, బ్రష్షోళ్ళ దగ్గిరా తీసుకున్యా సార్. ఏసేది మాత్రం మా ఇష్టం” అంది. ఈ ముక్క ప్రతి ఎన్నికల్లోనూ పెద్దాళ్ళ నోట విన్నదే. అరవై ఏళ్ళ అనుభవం ఆరో తరగతిలోనే వచ్చేసింది.

యంత్రాన్ని టెన్త్ పిల్లలే తయారుచేశారు. చిక్కీల అట్టపెట్టె బ్యాలెట్ యూనిట్టు, సోడా మూతలు బటన్లు. బటన్ నొక్కగానే పక్కనున్న వాడొకడు నోటితో ‘కుయ్య్’ మని కూస్తాడు. దుప్పటి కప్పిన బల్లకింద ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. వాడు వీవీప్యాట్. నొక్కిన గుర్తు చీటీని పెళ్ళిపత్రిక ప్లాస్టిక్ కవరు వెనక పట్టుకుని, ఏడు సెకన్లని రూలుంది గనక, ఒకటీ రెండూ అని ఏడు దాకా గొణిగి డబ్బాలో వేస్తాడు. ఎనిమిదో తరగతి ఓటర్లు గట్టిగా వెంట లెక్కపెట్టడంతో పోలింగు కేంద్రం ఎక్కాల క్లాసులా తయారైంది.

అసలు పోలింగుకి ముందు కనీసం యాభై ఓట్లు మాక్ పోల్ వెయ్యాలి. ఆపైన క్లోజ్, రిజల్ట్, క్లియర్. శిక్షణలో మాకు నూరిపోసే సీఆర్‌సీ. క్లియర్ నొక్కడం మరిచిపోయిన పీవోకి ఆ రాత్రి నిద్రుండదు. అందుకే డబ్బా బోర్లించి దులిపి మరీ మొదలుపెట్టించా. సిరా దగ్గర మాత్రం దొరికిపోయాం. 1962 నుంచీ దేశమంతటికీ వేలి సిరా పంపే మైసూరు కంపెనీ మాకు పంపదు గదా, మార్కర్ పెన్నుతో గీశాం. తలకి రాసుకున్న కొబ్బరినూనెతో రుద్దితే అది పోతుందని ఏడో తరగతి పరిశోధకులు కాసేపట్లోనే కనిపెట్టారు. “నా ఓటు ఎవురో ఏసేసినారు సార్” అని ఒక పిల్ల ఏడుపు. టెండర్ ఓటు ఇచ్చి ఓదార్చా. అది మామూలుగా లెక్కలోకి రాదని చెప్పే ధైర్యం చాల్లేదు.

భోజనం గంట కొట్టేసరికి బడిలో అందరికంటే పెద్దమనిషి ఎవరో తేలిపోయింది: బల్లకింద వాడు. ఎవరు ఏది నొక్కారో వాడొక్కడికే తెలుసు. ఉత్తరమేరూరు పిల్లాడికి ఏమీ తెలీకపోవడమే అర్హత. మావాడికి అంతా తెలుసు. ముగ్గురు అభ్యర్థులూ తలో పక్కన కూర్చుని వాడి కంచంలోకి గుడ్లు వడ్డిస్తున్నారు. “చెప్పగూడదన్నా, రహస్యం” అంటానే మూడు గుడ్లూ తిన్నాడు. వాణ్ణి పిలిచి, నోరు మెదిపావంటే టీసీ చేతికొస్తుందన్నా. ఫలితం వచ్చేదాకా వాడి నోరు తినేందుకే తెరుచుకుంది, అందుకు మెచ్చుకోవాల.

టూత్‌బ్రష్ గుర్తు పిల్ల గెలిచింది. దాని మేనిఫెస్టోలో ఒకటే హామీ: ‘లెక్కల సారు పీటీ పీరియడ్ తీసుకోకుండా చూస్తాను.’ టెన్త్ పరీక్షల ముందు ఇంతకంటే గొప్ప హామీ ఏ పార్టీ ఇవ్వగలదు?

ఇక్కడే పిల్లలకీ మనకీ తేడా వచ్చింది. గెలిపించిన మర్నాడే లీడరు దగ్గరికి పోయి హామీ ఏమైందని అడగొచ్చని వాళ్ళకెవరు చెప్పారో తెలీదు. నేనైతే చెప్పలేదు, మా సిలబస్‌లో లేదు. ఆ మధ్యాహ్నం పీటీ పీరియడ్‌లో లెక్కల సారు యథాప్రకారం త్రికోణమితి పట్టుకొచ్చేసరికి క్లాసంతా ఆ పిల్ల వైపు తిరిగింది. అది లేచి నిలబడి, గొంతు పెగల్చుకుని, “సార్, ఇది మా మేనిఫెస్టోలో ఉంది” అంది. సారు చాక్‌పీసు పట్టుకుని అట్లే నిలబడిపోయాడు. బేరసారాల మీద సగం పీరియడ్ ఆటకి వదిలాడు.

ఓటర్లు ఒప్పుకోలా. నేరుగా నా దగ్గరికొచ్చారు.

“దించేదానికి బటన్ యాడుంది సార్?”

ఎమ్మెల్యేనైనా ఎంపీనైనా మధ్యలో వెనక్కి పిలిచే చట్టం మన దేశంలో లేదనీ, అయిదేళ్ళు ఓపిక పట్టాలనీ చెప్పా.

“అయిదేండ్లా? మేం మార్చికే పోతాం గదా సార్!”

మర్నాడు నోటీసు బోర్డు మీద లీడరు చేతిరాత: ‘యాభై శాతం హామీ నెరవేర్చడమైనది.’ దానికింద పచ్చిమిరపకాయ బొమ్మ వేసి ఎవరో రాశారు: ‘మిగతా ఇరవై నిమిషాలు యాడబోయె?’