నాలుగో గడి

ఆయనది కుప్పం. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాక పార్లమెంటుకు పోవాలని బుద్ధి పుట్టింది. కుప్పం చిత్తూరు లోక్‌సభ కిందికి వస్తుంది, చిత్తూరేమో 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. అందుకని పక్కనున్న రాజంపేటకు వచ్చి నామినేషన్ వేశాడు. మదనపల్లె, పుంగనూరు ఆ నియోజకవర్గంలోవే. ఓటు ఒకచోట ఉండి ఇంకోచోట లోక్‌సభకు నిలబడితే చట్టం అడ్డు చెప్పదు. ఆయన ఓటు మాత్రం కుప్పంలోనే ఉండిపోయింది.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి అయితే ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు చాలు. ఇండిపెండెంటుకు పదిమంది కావాలి. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో టమాటా రైతు ఒకాయన తన వాళ్లను వెంటేసుకొచ్చి పది సంతకాలూ పెట్టించాడు. పదిమందివీ ఒకే బూతు ఓట్లు. గుర్తుగా ఈల వచ్చింది. అంతే, మేనేజరు నినాదం అందుకున్నాడు: ‘నాకు విప్ లేదు, విజిలే ఉంది!’

నినాదం మరీ తీసిపారేసేది కాదు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ ఎంపీ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేస్తే సీటుకే ఎసరు. ఇండిపెండెంటుగా గెలిచినవాడికి ఆ బెడద లేదు. ఏ పార్టీలోనూ చేరకుండా ఉంటే చాలు. 1952లో విశాఖపట్నం నుంచి లంకా సుందరం స్వతంత్రుడిగానే లోక్‌సభకు వెళ్లారని మేనేజరు ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు. మైకు ముందు పదిమంది ఉన్నా చెప్పేవాడు, ఇద్దరున్నా చెప్పేవాడు.

ఆయన అసలు ఆయుధం ఒక ఫ్లెక్సీ. పైన ‘మీ ఎంపీ ఓటు ఎటు?’ అని పెద్దక్షరాలు. కింద బిల్లు పేరు రాయడానికి వరుసలు, ఒక్కో వరుసలో మూడు గడులు: అవును, కాదు, తటస్థం. లోక్‌సభ సీటు ముందుండే పచ్చ, ఎర్ర, పసుప్పచ్చ బటన్లకు తగ్గట్టు ఆ మూడు గడులకూ అవే రంగులు. గెలిచాక ప్రతి బిల్లుకూ తన ఓటు ఎటు పడిందో మదనపల్లె టమాటా మార్కెట్ గేటుకు కట్టి చూపిస్తానన్నాడు.

మార్కెట్ పక్క టీ బంకులో ఒక రాజనీతిశాస్త్రం లెక్చరరు ఆ ఫ్లెక్సీ నమూనా చూసి నవ్వాడు. “సార్, మన రాష్ట్రాన్ని రెండు చేసిన బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఎట్లా పాసయింది?”

“మూజువాణి ఓటుతో.”

“మరి ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్ల జాబితా ఏదీ?”

మేనేజరు టీ గ్లాసు దించాడు. జాబితా ఉండదు. మూజువాణిలో సభ్యులు అరుస్తారు, స్పీకరు వింటారు, ఎటు ఎక్కువ వినిపిస్తే అటు. డివిజన్ జరిగితేనే, అంటే సభ్యుల ఓట్లు ఒక్కొక్కటిగా లెక్కిస్తేనే, పేర్లు రికార్డుకెక్కుతాయి. 2008 జూలై 22న మన్మోహన్ సర్కారు విశ్వాస పరీక్ష డివిజనే. మిషన్ మొదట 253–232 చూపించింది, చీటీలు కూడా కలిపాక 275–256 అని తేలింది. టీడీపీ విప్‌ను కాదని అప్పటి చిత్తూరు ఎంపీ ఆదికేశవులు నాయుడు ప్రభుత్వం వైపు వేశారని ఇవాళ్టికీ ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. చాలా బిల్లులకు ఆ భాగ్యం లేదు.

పక్కనే క్రేట్లు దింపుతున్న మన రైతు ఇదంతా వింటున్నాడు. “ఏంది సామీ, మండీలో వేలం పాడినోడి పేరు గూడా చీటీలో రాస్తారే! ఢిల్లీలో రాయరా?”

“నేను లేచి డివిజన్ కావాలని అడుగుతా,” అన్నాడు మేనేజరు.

“అడగండి. దానికి ముందు సభలో ఉండాలి కదా,” అన్నాడు లెక్చరరు. “ఇంకో గడి వేయించండి సార్. గైర్హాజరు అని.”

మేనేజరు మంచివాడు, వేయించాడు. నాలుగో గడికి తెల్లరంగు.

పోలింగ్ నాడు తెల్లవారకముందే మదనపల్లెలో బయల్దేరాడు. ఏజెంట్లను పెట్టుకునే స్తోమత లేదు కనుక తానే కారు వేసుకుని సాయంత్రం దాకా బూతు బూతుకూ తిరిగాడు. లెక్కింపు రోజు పాతికవేల డిపాజిట్టు పోయింది. అది ఆయన అనుకున్నదే. ఫారం 20లో బూతులవారీ లెక్క చూసుకున్నాకే ఒళ్లు మండింది.

ఆ కాగితం పట్టుకుని నేరుగా పల్లెకు పోయాడు. రైతు ఇంటి ముందు టమాటా క్రేట్ల మీద వానకు అడ్డంగా ఫ్లెక్సీ కప్పి ఉంది.

“పదిమంది సంతకాలు పెడితిరి. మీ బూతులో నాకు పడింది మూడు.”

రైతు తొణకలేదు. “సంతకం కావల్లంటిరి, పెడితిమి. ఓటు కాడ అంతరాత్మ చెప్పినట్టు ఏసినాము. మీ మాదిరే మాకూ విప్ లేదు గదా సామీ.”

“ఆ మూడైనా ఎవరివయ్యా?”

“పదిమందిమీ మావేనంటాండాము.”

మేనేజరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. ప్రజలకు చైతన్యం లేదన్నాడు, ఓటు విలువ తెలియదన్నాడు, ఇట్లాంటి వాళ్లుంటే దేశం బాగుపడదన్నాడు. రైతు అన్నీ విన్నాడు.

“సరే సామీ, మీరెవురికి ఏస్తిరి?”

“నా ఓటు ఇక్కడ లేదు. కుప్పంలో ఉంది.”

“అదే, కుప్పంలో ఎవురికి ఏస్తిరని.”

“పొద్దున్నుంచీ మీ బూతుల చుట్టే తిరిగితిని కదయ్యా! కుప్పం పోయొచ్చే తీరిక నాకెక్కడిది?”

రైతు క్రేట్ల మీది ఫ్లెక్సీని దులిపి, ఖాళీ వరుసలు కనిపించేలా సరిచేశాడు.

“ఆ గూట్లో బొగ్గుముక్క ఉండాది సామీ. మొదటి వరుసలో టిక్కు కొట్టి పొండి. నాలుగో గడిలో.”