బండి పడితే ఎత్తేదెవరు?

లద్దాఖ్ విస్తీర్ణం 59,146 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 2,74,289. భాగించి చూస్తే చదరపు కిలోమీటరుకు అయిదుగురు కూడా రారు. అవే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి వచ్చినవాళ్లు 308 మంది. మా బ్యాంకు నన్ను లేహ్ బ్రాంచికి వేసిందని కాగితం రాగానే నేను వెతికింది ఈ అంకెలే. ప్రమోషన్ ఇచ్చి మరీ పంపుతున్నారు కాబట్టి ఏడవడానికి వీల్లేదు. వద్దనుకుంటే తెనాలిలోనే ఉండిపోవచ్చు. కానీ ప్రమోషన్ వద్దన్నానని ఇంట్లో చెప్పగలిగే ధైర్యమే ఉన్నవాడు లేహ్‌కి మాత్రం ఎందుకు భయపడతాడు?

అక్కడ పనిచేసి వచ్చిన సీనియర్ ఒకాయనకి ఫోన్ చేశాను. ఊళ్లు దూరం దూరంగా ఉంటాయనీ, చెయ్యెత్తితే బస్సు ఆగుతుందన్న ఆశలు పెట్టుకోవద్దనీ, సొంత బండి ఉండి తీరాలనీ చెప్పాడు.

"ఏ బండి కొనమంటారు సార్?"

"పడితే నువ్వొక్కడివే ఎత్తగలిగేది," అని పెట్టేశాడు.

అంతకుముందు నేనెప్పుడూ బండిని ఆ కోణంలోంచి చూడలేదు. మనకి బండి కొనడమంటే మైలేజీ, రంగు, కిస్తీ. పడటం మన లెక్కలో ఉండదు. పడినా ఎత్తడం మన పని కాదు. అది వీధి చూసుకుంటుంది.

విషయం బంధువర్గంలో పొక్కింది. మొదట దిగినవాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావమరిది. "బావా, టూరింగ్ అంటే బీఎండబ్ల్యూ జీఎస్ బావా. ఇంక వేరే మాట లేదు," అన్నాడు. 1250 జీఎస్ ఖరీదు అప్పట్లో ఇరవై లక్షల పైమాట. బరువు 249 కిలోలు. సీటు ఎత్తు 850 మిల్లీమీటర్లు. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. అది ఎక్కాలంటే నాకు అరుగు కావాలి, దిగాలంటే మళ్లీ అదే ఎత్తున్న అరుగు కావాలి. రెండు అరుగుల మధ్య మాత్రమే తిరిగే బండికి ఇరవై లక్షలు ఎందుకని అడిగితే, "పోనీ కేటీఎమ్ 390 అడ్వెంచర్ తీసుకో, తక్కువలో వస్తుంది," అన్నాడు. దాని అప్పటి మోడల్ సీటు 855. ధర తగ్గింది గానీ అరుగు ఇంకో అయిదు మిల్లీమీటర్లు పెరిగింది.

మామగారిది బుల్లెట్ పక్షం. ఆయన పాత బుల్లెట్టుకి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. ఇప్పటికీ ఎవరి బండి వెనక కూర్చున్నా ఆయన కాళ్లు తారుమారుగా తొక్కుతుంటాయి. "అల్లుడుగారూ, సైన్యం సరిహద్దుల్లో గస్తీకి కొన్నది బుల్లెట్టే. ఆ ఆర్డర్ల పుణ్యమా అనే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. సైన్యానికి పనికొచ్చింది మీకు పనికిరాదా?" అన్నారు. సైన్యంలో బండి పడితే ఎత్తడానికి పక్కన సైన్యం ఉంటుంది కదా అనబోయి, పెద్దాయన కదా అని ఊరుకున్నాను.

మా ఆవిడ అన్నీ విని, "ఏవండీ, దేనికైనా డిక్కీ ఉందా? బియ్యం బస్తా ఎక్కడ పెడతారు?" అంది. ఇంటిల్లిపాదిలో అసలైన టూరింగ్ ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. ఆ ప్రశ్నకి మన ప్రాంతంలో ఒకటే జవాబు: టీవీఎస్ ఎక్సెల్. రెండు బస్తాల ఎరువు, పాలక్యాన్లు, వెనక అత్తగారు. బరువు తొంభై కిలోలకి లోపే. నేను ఒంటిచేత్తో కాకపోయినా ఒంటరిగా ఎత్తగలిగిన బండి అదొక్కటే. చాలాసేపు ఆలోచించాను కూడా. కానీ దాని హార్స్‌పవర్ నాలుగు చిల్లర.

ఇక్కడ గాలి సంగతి కాస్త చెప్పుకోవాలి. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి మన తెనాలిలో ఉండేదానిలో మూడింట రెండొంతులు. ఊరికి నలభై కిలోమీటర్లలో ఉన్న ఖర్దుంగ్ లా కనుమ మీదికి పోతే సగానికి కాస్త పైన. ఇంజిన్ తాగేది పెట్రోలే అనుకుంటాం గానీ అది పీల్చేది గాలి. గాలి సగమైతే బలమూ దాదాపు సగమే. పాత కార్బ్యురేటర్ బళ్లకి ఇంకో కష్టం. గాలి తగ్గిందని వాటికి తెలియదు, కింద పోసినంత పెట్రోలే పైనా పోస్తాయి. నల్లపొగ వదిలి, ప్లగ్గు మసిబారి, దగ్గుతూ ఆగిపోతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నవి గాలిని చూసి పెట్రోలు తగ్గించుకుంటాయి. దగ్గు ఉండదు, నీరసం మాత్రం తప్పదు. ఇంజెక్షన్ ఇచ్చినంత మాత్రాన లేని గాలి ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి కంపెనీ కాగితం మీద రాసిన హార్స్‌పవర్‌ని పెళ్లిసంబంధంలో చెప్పిన జీతంలాగే చూడాలి: సగం అనుకుని దిగితే గొడవ ఉండదు. ఎన్‌ఫీల్డ్ వాళ్ల కొత్త హిమాలయన్ 450కి నలభై ఉంటే పైన ఇరవై. పాత 411కి ఇరవై నాలుగుంటే పన్నెండు, పదమూడు. ఎక్సెల్‌కి రెండు. రెండు గుర్రాల మీద నేనూ, బియ్యం బస్తా, ఖర్దుంగ్ లా. మా ఆవిడకి నచ్చజెప్పి ఎక్సెల్‌ని పక్కన పెట్టాం.

ఆ కనుమ కూడా తక్కువదేం కాదు. ఏళ్ల తరబడి అక్కడి బోర్డు మీద 18,380 అడుగులు అని రాసి ఉండేది. జీపీఎస్‌తో కొలిచినవాళ్లు 17,582 అన్నారు. దాదాపు ఎనిమిది వందల అడుగులు కలిపి చెప్పుకునే కొండలున్న దేశంలో బండి కంపెనీలని మాత్రం తప్పుపట్టడం ఎందుకు?

సరే, ఎత్తడం మాటకొస్తాను. ఇది నేర్చుకుంటే వచ్చే విద్యేనట. పడిన బండికి వీపు ఆనించి గొంతుకూర్చోవాలి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకోవాలి. నడుముతో కాకుండా కాళ్లతో లేస్తూ చిన్న అడుగులేస్తూ వెనక్కి నడవాలి. బండి గేరులో ఉండాలి, లేకపోతే దొర్లుతుంది. కుడివైపు పడితే ముందుగానే స్టాండు తీసి ఉంచాలి, లేకపోతే ఇటు లేచిన బండి అటు పడుతుంది. బావమరిది క్లాసిక్ 350 తెప్పించాను. బరువు 195 కిలోలు. ఇంటి ముందు పాత బొంత పరిచి, ఎవరూ లేకుండా చూసి, బండిని మెల్లగా ఒరగబెట్టాను.

బండి బొంతని తాకిందో లేదో, సోడాబండి అతను, ఇడ్లీకొట్టు దగ్గర నిలబడి తింటున్న నలుగురు, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కండక్టరు, ఎవరో తెలియని ఒక పెళ్లిబృందంలో కొందరు పరిగెత్తుకొచ్చారు. నేను వీపు ఆనించేలోపే బండి నిలబడింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, మొహాన సోడా కొట్టి, "ఏంటి మేనేజరుగారూ, ఎండకి తల తిరిగిందా?" అన్నారు. కావాలనే పడేశాను అంటే ఒకరి మొహాలొకరు చూసుకుని ఇంకో సోడా కొట్టారు.

మర్నాడు తెల్లవారుజామున లేచాను. పాలవాళ్లు, వాకింగ్ వాళ్లు. ఇంకో రోజు ఊరి బయట కాలవగట్టు మీదికి పోయాను. గేదెలు తప్ప జీవమాత్రం లేదనుకున్నాను. ఆ గేదెల వెనక వాటి యజమాని ఉన్నాడు. పంచె పైకి కట్టుకుంటూ వచ్చి, బండెత్తి, నా చేతిలో తాళం పెట్టి, "ఇంటికాడ ఏమన్నా గొడవా బాబూ?" అని ఆప్యాయంగా అడిగాడు. చదరపు కిలోమీటరుకి 308 అంటే ఏమిటో జనాభా లెక్కలవాళ్లకి కూడా అంత బాగా అర్థమై ఉండదు. మన దగ్గర బండి పడేసుకోవడం సులువే గానీ, పడిన బండిని నిమిషం సేపు నేలమీద ఉంచుకోవడం మాత్రం ఎవరి తరమూ కాదు.

చివరికి మామగారి రైసుమిల్లులో, గోడౌన్ షట్టరు లోపలి నుంచి దించుకుని సాధించాను. లేచాం. మొదట బండి లేచింది, కొన్నాళ్లకి నేనూ లేచాను.

దాంతో రెండు వందల కిలోలు నా హద్దు అని తేలింది. ఆ హద్దు లోపల హిమాలయన్‌లు రెండూ ఉన్నాయి, హీరో ఎక్స్‌పల్స్ 200 కూడా ఉంది. ఎక్స్‌పల్స్ బరువు 160 కిలోలకి లోపే. ఎత్తేవాడికి స్వర్గం. మనసు దానిమీదే పడింది. ఇక్కడే కొని రైలు పోయినంత దూరం పార్శిల్లో పంపేద్దామనుకున్నాను. అంటే ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తోడించి, గోనెపట్టాలు చుట్టించాలి. ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్. మా ప్రభుత్వ బ్యాంకులవాళ్లకి 2021లో వచ్చిన బీహెచ్ నెంబరు దొరుకుతుంది, దాని కాగితాలు దానివి. ఇదంతా బండి చేసే ప్రయాణం. నాది వేరే. కాబట్టి ముందు నేను పోయి చూసి అప్పుడు కొందామని విమానమెక్కాను.

లేహ్‌లో దిగినవాళ్లు రెండు రోజులు కదలకుండా పడుకోవాలని డాక్టర్లు చెప్తారు. పడుకోకపోతే మెట్లెక్కినా ఆయాసమే. తెనాలి మిల్లులో కాళ్లతో లేపిన బండిని ఇక్కడ ఊపిరితో లేపాలని మంచం మీద పడుకునే అర్థమైంది. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు కాబట్టి ఆ రెండు రోజులూ బావమరిది సలహాలు కూడా రాలేదు. తొందరగా కోలుకున్నాను.

మూడో రోజు బజారులో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. వేసవి నాలుగు నెలలూ పనికోసం బిహార్ నుంచి వచ్చే కుర్రాడు. ఏ బండి కొనాలని అడిగితే, మాట్లాడకుండా వెనక ఉన్న పెట్టె తెరిచి చూపించాడు. క్లచ్ వైర్లు, బ్రేకు ప్యాడ్లు, లీవర్లు, చైన్లు, అన్నీ ఎన్‌ఫీల్డ్‌వే. ఊళ్లో అద్దెకి తిప్పే బళ్లలో ఎక్కువ అవే కాబట్టి సామానూ అదే. మిగతావాటికి సామాను "నీచే సే" రావాలట. నీచే అంటే కిందనున్న భారతదేశం మొత్తం. మంచు పడి శ్రీనగర్ దారిలో జోజిలా కనుమ మూసుకుంటే ఆ కింద నుంచి వచ్చేది విమానమొక్కటే.

పెట్రోలు సంగతీ అంతే. లేహ్ నుంచి మనాలి పోయే దారిలో తాండీ దగ్గర బంకు ఉంది. మనాలి వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆ బంకు దగ్గర పెద్ద బోర్డు కనిపిస్తుంది: తర్వాతి బంకు 365 కిలోమీటర్లు. తెనాలి నుంచి బయల్దేరి హైదరాబాద్ దాటి ఇంకా పోయేదాకా ఎక్కడా పెట్రోలు లేదనుకోండి. 411 ట్యాంకు 15 లీటర్లు. లీటరుకి ముప్ఫై లెక్కన సరిపోతుంది, ఎక్కుడు దారిలో మొదటి గేరు తాగేది పోగా కాస్త భయం కూడా మిగులుతుంది. అందుకే ఇక్కడ బళ్లకి ఇరువైపులా డబ్బాలు వేలాడుతుంటాయి.

ఇక బండి దానంతటదే తేలిపోయింది. జనం లేనిచోట గొప్ప బండి అంటే ఆ ఊళ్లో ఉన్న ఒక్క మెకానిక్ కళ్లు మూసుకుని విప్పగలిగేది. అక్కడి నుంచి బదిలీ అయి పోతున్న ఒక సైనికాధికారి దగ్గర సెకండ్‌హ్యాండ్ హిమాలయన్ 411 కొన్నాను. బరువు 199, నా హద్దుకి కిలో లోపల. సీటు ఎత్తు 800, కాళ్లు రెండూ నేలకి ఆనుతాయి, వేళ్లే అనుకోండి. లద్దాఖ్ నెంబరు. కాగితాలు ఒక్క పూటలో అయిపోయాయి.

నిమ్మూ అనే ఊరు దాటాక ఇసుకలో మొదటిసారి పడింది. చుట్టూ చూశాను. కొండవతల మేకలు మేపుకుంటున్న మనిషి ఒకడు చెయ్యెత్తి "జూలే" అన్నాడు, అంటే లద్దాఖీలో నమస్తే. నేనూ జూలే అన్నాను. వీపు ఆనించి కూర్చుని, నా అంతట నేను లేపాను. సోడా ఎవరూ కొట్టలేదు.

నవంబరు నుంచి మార్చి దాకా రాత్రిళ్లు మైనస్‌లోకి దిగడం ఇక్కడ మామూలు. ఆ నెలల్లో బండి తీసేవాళ్లు పెద్దగా కనపడరు. బ్యాటరీ ఊడదీసి ఇంట్లో పెట్టుకుని, బ్యాంకుకి నడిచే పోతాను. మిగతా నెలలకి మాత్రం దీనికి తిరుగులేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా లేహ్ బదిలీ కాగితం వచ్చి ఉంటే దయచేసి ముందుగా నాకో మాట చెప్పండి. వచ్చే ఏడాది నేను దిగిపోతాను. బండి కండిషన్‌లో ఉంది, నెంబరు లోకల్, రెండు డబ్బాలు ఉచితం. ఎత్తడం నేనే నేర్పిస్తాను, దానికి విడిగా డబ్బులేం అక్కర్లేదు.