బెంచి మీది కుర్రాణ్ణి వదులుకోకండి

బాస్కెట్‌బాల్ జట్టు నడిపేవాళ్లకు ప్రతి వేసవిలోనూ ఒక చిక్కు వచ్చిపడుతుంది. జట్టులో రెండో వరస గార్డ్ ఒకడుంటాడు. ఇరవై రెండో, ఇరవై మూడో వయసు. అసలు గార్డ్ కాస్త అలుపు తీర్చుకునేటప్పుడు వచ్చి పదిహేను నిమిషాలు ఆడి వెళ్లి కూర్చుంటాడు. కాంట్రాక్ట్ ముగిసే రోజు దగ్గర పడుతుంది. ఉంచుకోవాలా, పంపేయాలా?

ఉంచుకోండి. ఏ సంవత్సరమైనా, ఎవరైనా, ఎంత అడిగినా ఉంచుకోండి. ఈ పనిలో తలపండినవాళ్లు ఇది తప్పుడు సలహా అంటారు. మా డాలస్‌లో శనివారం భోజనాల దగ్గర కూడా నాతో ఈ విషయం మీద గొంతు చించుకున్న స్నేహితులున్నారు. అయినా ఇదే చెబుతాను.

ముందుగా అంకెల కాగితం మూసేయండి. మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు, వందకు ఎన్ని బంతులు పడ్డాయి, అతను కోర్టులో ఉన్నప్పుడు జట్టు ఎంత ముందుంది, ఎంత వెనకబడింది అని లెక్కలు తెచ్చి ముందు పెడతారు. పదిహేను నిమిషాలు ఆడేవాడి లెక్కల్లో ఏముంటుంది? గంటసేపు చల్లబడి కూర్చున్న కాళ్లతో లేచి వస్తాడు. పక్కన ఆడేవాళ్లు కూడా బెంచి వాళ్లే. లయ దొరికేసరికి కోచ్ చెయ్యి ఊపి పిలుస్తాడు. మా డాలస్ జట్టు మావెరిక్స్‌లో జేలెన్ బ్రన్సన్ మొదటి సీజన్ సగటు 9.3 పాయింట్లు. ఆ అంకెను ఎంత తిప్పి చూసినా తర్వాత జరిగిందేదీ అందులో కనిపించదు.

కొలటేపు కూడా పక్కన పెట్టండి. బ్రన్సన్ ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. ఎన్‌బీఏలో అది పొట్టికిందే లెక్క. విల్లనోవా విశ్వవిద్యాలయానికి 2016లో, 2018లో జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిపెట్టిన జట్లలో ఆడి, రెండోసారి దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడనిపించుకుని వచ్చినా, 2018 డ్రాఫ్ట్‌లో అతని పేరు 33వ స్థానంలో గానీ వినపడలేదు. ఎత్తు తక్కువ, ఎగరలేడు, పెద్దవాళ్లను కాచలేడు అన్నారు. 2021లో క్లిప్పర్స్‌తో ప్లేఆఫ్స్ ఆడినప్పుడు అతనికిచ్చిన నిమిషాలు బాగా తగ్గిపోయాయి. ఆ సిరీస్ పోయాక, పెద్ద మ్యాచ్‌లకు ఈ కుర్రాడు సరిపోడన్న మాట ఇక్కడ బాగా నలిగింది. అన్నవాళ్లలో మా ఇంటికి వచ్చేవాళ్లూ ఉన్నారు.

మరి ఏం చూడాలి? అసలు గార్డ్ లేని రాత్రి చూడండి. అదొక్కటే పరీక్ష.

2022 ఏప్రిల్‌లో లీగ్ చివరి మ్యాచ్‌లో మా అసలు గార్డ్ లూకా డాంచిచ్ ఎడమ పిక్క పట్టేసింది. యూటా జాజ్‌తో మొదటి రౌండ్‌లో మొదటి మూడు మ్యాచ్‌లకు అతను లేడు. మొదటి మ్యాచ్‌లో బ్రన్సన్ 24 పాయింట్లు చేశాడు, ఓడిపోయాం. రెండో మ్యాచ్‌లో 41 చేశాడు. బంతి అంతసేపు అతని చేతిలోనే ఉంది, ఒక్కసారి కూడా పోగొట్టలేదు. ఆ రాత్రి అతని ఆటలో తొందర లేదు. లోపలికి చొచ్చుకుపోవడం, రెండు కాళ్ల మీద ఆగడం, భుజంతో ఒకసారి అటు, ఒకసారి ఇటు నమ్మించడం, తనకన్నా ముప్పావు అడుగు ఎత్తున్నవాడు గాల్లోకి లేచి కిందికి వస్తుంటే అప్పుడు మెల్లగా బంతి వదలడం. మూడో మ్యాచ్ యూటా సొంత గడ్డ మీద. 31 పాయింట్లు, గెలుపు. లూకా తిరిగొచ్చాక సిరీస్ గెలిచాం, ఆ ఏడు వెస్ట్ ఫైనల్స్ దాకా వెళ్లాం.

ఇంతా అయ్యాక జూలైలో బ్రన్సన్ న్యూయార్క్ వెళ్లిపోయాడు. నాలుగేళ్లకు 10.4 కోట్ల డాలర్లు. అంతకుముందు డాలస్ ఇవ్వగలిగిన పొడిగింపు నాలుగేళ్లకు సుమారు 5.5 కోట్లు, అంటే దాదాపు సగం. అది జరగలేదు. జరగనిది ఎవరి వల్లనో అప్పటినుంచీ ఇరుపక్షాలూ చెప్పుకుంటూనే ఉన్నాయి, దాంతో నాకు పనిలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, నాలుగేళ్లు రోజూ కళ్లముందు తిరిగినవాడు కాబట్టి విలువ కనపడలేదు. న్యూయార్క్ వాళ్లకు కనపడింది. 2024లో అతను ఆల్-స్టార్ అయ్యాడు, ఆ ఏడే ఆల్-ఎన్‌బీఏ రెండో జట్టులో నిలిచాడు. 2025లో న్యూయార్క్ జట్టు నిక్స్ పాతికేళ్ల తర్వాత ఈస్ట్ ఫైనల్స్ ఆడారు. 2024లో డాలస్ ఫైనల్స్‌కి వెళ్లింది కదా, నష్టమేముంది అని నన్ను ఓదార్చబోయారు. బోస్టన్ చేతిలో 4-1తో ఓడిన ఆ ఫైనల్స్ చూస్తున్నంతసేపూ నాకు బెంచి మీద ఒక ఖాళీ కుర్చీయే కనిపించింది.

ఇక డబ్బు. అతను అడగకముందే ఇవ్వండి. ఏజెంట్ చెప్పిన అంకె మీద ఇంకాస్త వేసి ఇవ్వండి. బజారు ధర ఎంతో తెలుసుకునేదాకా ఆగుదామనేది ఈ వ్యాపారంలో అందరూ చెప్పే మాట. బజారు ధర తెలిసేసరికి కుర్రాడు బజార్లోనే ఉంటాడు, మీ ఇంట్లో ఉండడు. సాలరీ క్యాప్ అడ్డు వస్తుందంటారా? సొంత ఆటగాణ్ణి నిలుపుకోవడానికి క్యాప్ దాటే వీలు ఎన్‌బీఏ ఎప్పటినుంచో ఇస్తోంది. లగ్జరీ టాక్స్ ఓనరు కట్టుకుంటాడు, అందుకే ఓనరయ్యాడు.

2023 ఒప్పందంలో వచ్చిన రెండో ఏప్రన్ అనే గీత గురించి కూడా చాలా భయపెడతారు. ఆ గీత దాటిన జట్టు ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోలేదు, బయటివాణ్ణి కొనుక్కునే మిడ్-లెవెల్ వెసులుబాటు పోతుంది, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ పిక్‌ను అమ్ముకోలేదు. శ్రద్ధగా చదవండి. ప్రతి శిక్షా బయటివాళ్లను తెచ్చుకోవడానికి సంబంధించినదే. తన కుర్రాళ్లను వదలనివాడికి బయటివాళ్లతో పనేముంది? ఆ గీత దాటండి, దాటి ఇంట్లోనే కూర్చోండి.

అంతకన్నా మంచివాణ్ణిస్తామని ఎవరైనా వచ్చినా మార్చుకోకండి. ఇక్కడ నా మీదికి విసిరే ఉదాహరణ ఒకటుంది. 2011 డ్రాఫ్ట్ రాత్రి శాన్ ఆంటోనియో స్పర్స్ జార్జ్ హిల్‌ను ఇండియానాకిచ్చి కవై లెనర్డ్‌ను తెచ్చుకున్నారు. హిల్ 26వ పిక్‌గా వచ్చి టోనీ పార్కర్ వెనక ఆడుతూ ఎదిగిన కుర్రాడు. కోచ్ గ్రెగ్ పొపొవిచ్‌కి అతనంటే ఎంత ఇష్టమో అందరికీ తెలుసు. లెనర్డ్ 2014లో ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు, కప్పు తెచ్చాడు. ఒప్పుకుంటాను. ఆ తర్వాత 2018లో ఆ జట్టులో ఉండనని టొరంటోకి వెళ్లిపోయాడు. ఆ కప్పు లేకపోయినా సరే, నేనైతే హిల్‌నే ఉంచుకునేవాణ్ణి. కోచ్ ప్రాణంగా చూసుకున్నవాణ్ణే ఒక రాత్రిలో పంపేయగలిగితే, బెంచి మీద మిగిలినవాళ్లు ఆ రాత్రి ఇంటికెళ్లి ఏమనుకుంటారు? నేను జట్టును వాళ్ల కళ్లతో చూడమంటున్నాను.

ఫీనిక్స్ సంగతి చూస్తే మనసు మరీ కష్టపడుతుంది. స్టీవ్ నాష్ అక్కడ కెవిన్ జాన్సన్, జేసన్ కిడ్‌ల వెనక ఆడిన కుర్రాడు. 1998లో డాలస్‌కి పంపేశారు. తిరిగి 2004లో ముప్పై ఏళ్ల వయసులో తెచ్చుకున్నారు, వరసగా రెండుసార్లు ఎంవీపీ అయ్యాడు. ఇంత పాఠం నేర్చుకున్న ఊరు అదే నాష్ వెనక ఆడిన గోరాన్ డ్రాగిచ్ విషయంలో ఏం చేసింది? 2010 మేలో శాన్ ఆంటోనియోతో మూడో మ్యాచ్‌లో, ఒక్క నాలుగో క్వార్టర్‌లోనే డ్రాగిచ్ 23 పాయింట్లు చేశాడు. స్పర్స్ సొంత కోర్టులో వాళ్ల అభిమానులు నోళ్లు తెరుచుకుని చూశారు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరిలో, అతనితోపాటు ఒక మొదటి రౌండ్ పిక్ కూడా కలిపి హ్యూస్టన్‌కిచ్చి ఆరన్ బ్రూక్స్‌ను తెచ్చుకున్నారు. బ్రూక్స్ అక్కడ ఆడింది 25 మ్యాచ్‌లు. 2012లో డ్రాగిచ్‌ను డబ్బు పోసి మళ్లీ పిలుచుకున్నారు. చాన్సీ బిల్లప్స్‌నైతే బోస్టన్ 51 మ్యాచ్‌లకే పంపేసింది. ఆరేళ్ల తర్వాత, 2004లో, డెట్రాయిట్‌కి కప్పు తెచ్చి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు.

నేను ఇంత పట్టుపట్టడానికి కారణం ఎన్‌బీఏ ఒక్కటే కాదు. చదువు అయిన కొత్తలో మా జిల్లా కుర్రాళ్ల జట్టు ఎంపికలో సాయం చేశాను. వలలేని రింగు, పగిలిన సిమెంటు కోర్టు. పదకొండుమంది ఖాయమయ్యారు, పన్నెండో చోటుకి ఇద్దరు మిగిలారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. పొట్టివాడు రోజూ మొదటి బస్సుకి వచ్చి, మేం వచ్చేలోగా ఒక్కడే ఎడమ చేత్తో బంతి కొట్టుకుంటూ ఉండేవాడు. పొడుగువాణ్ణి తీసుకుందామని చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. మర్నాడు ఆ పొట్టి కుర్రాడు వచ్చి ఏడవలేదు, ఏమీ అనలేదు. "సార్, నా బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్ ఇచ్చేస్తారా" అని అడిగాడు. ఫైల్లోంచి తీసి ఇచ్చాను. మళ్లీ ఆ కోర్టులో కనిపించలేదు.

ఎదగనివాళ్లుంటారు కదా, వాళ్లనూ మోయాలా అంటే, మోయండి. లేకర్స్ 2021లో ఇరవై ఏళ్ల టేలన్ హోర్టన్-టక్కర్‌ను ఉంచుకుని, అలెక్స్ కరూసోను షికాగోకి వదిలేశారు. ఉంచుకున్నవాడు ఎదగలేదు, వదిలేసినవాడు 2025లో ఓక్లహోమా సిటీతో కప్పు గెలిచాడు. దీన్నిబట్టి సరైనవాణ్ణి ఎంచుకోవడం నేర్చుకోవాలంటారు. నేను అలా అనను. ఇద్దరినీ ఉంచుకోవాల్సింది. జట్టులో పదిహేను చోట్లుంటాయి, మ్యాచ్‌లో నిజంగా ఆడేది తొమ్మిదిమందో పదిమందో. మిగిలిన కుర్చీలు ఎవరి కోసం? చివరి రోజుల్లో ఉన్న పెద్దవాళ్లకు ఇచ్చే చోటు ఒక కుర్రాడికిస్తే ఆకాశం విరిగి పడదు.

ఇప్పుడు నిబంధనలు కూడా మీకు అనుకూలంగా ఉన్నాయి. ఫైనల్స్ ముగిసిన మర్నాటినుంచే సొంత ఆటగాడితో కొత్త కాంట్రాక్ట్ మాట్లాడుకోవచ్చు. బయటి జట్లు జూన్ 30 దాకా ఆగాలి. ఆ మర్నాడు పొద్దున్నే బయల్దేరండి. ఫోన్ చేయకండి, ఏజెంట్ ఆఫీసుకి వెళ్లకండి. కుర్రాడు ఉండే ఇంటికి వెళ్లండి. తలుపు తీసేది వాళ్లమ్మ కావచ్చు, నాన్న కావచ్చు. ముందు వాళ్లతో కూర్చోండి. కాగితం మీద అంకె రాసే చోటు ఖాళీగా ఉంచి తీసుకెళ్లండి, పెన్ను వాళ్లకివ్వండి.