వందకు లాగ్ ఎంతరా అబ్బాయ్?

మా రోజుల్లో వందకు లాగ్ ఎంత అంటే పరీక్ష తప్పినవాడు కూడా రెండు అనేవాడు. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్‌ని అడుగుతున్నామో ముందు చెప్పుకోవాలి. ఎక్సెల్ రెండంటుంది. ఆక్టేవ్ 4.6052 అంటుంది. మ్యాక్సిమాని అడిగితే ‘లాగ్ 100’ అని మన ప్రశ్నే మనకు అప్పజెబుతుంది. మూడూ నిజమే. (ఆక్టేవ్ అంటే ఏదో సంగీతం అనుకునేరు. అమెరికాలో ఒక కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు పేరది, శిష్యుడు పెట్టుకున్నాడు. పాఠం చెప్పి బతికినవాణ్ణి, నాకు ముచ్చటేసింది.)

ఈ పెద్దవాటితో నాకు పేచీ లేదు. ఆక్టేవ్ సహాయ పుటలో అది సహజ సంవర్గమానమని మొదటి వాక్యంలోనే ఉంది. చదవకపోతే చదవనివాడిదే తప్పు. నా సణుగుడంతా వీటి చుట్టూ పుట్టుకొచ్చే చిన్న ప్యాకేజీల గురించి.

మా గోరంట్లలో, మా వీధిలోనే, ఎమ్మెస్సీ లెక్కలు చదివే పిల్లోడొకడున్నాడు. ప్రాజెక్టుకని ఉచిత ప్యాకేజీ ఒకటి దించుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. “ఏంది సార్ ఇది, లోపలికి ఏమియ్యాలో యాడా రాయలేదు” అన్నాడు. చూద్దును కదా, ఫంక్షన్ పేరు ‘సాల్వ్ సిస్టం’. వివరణ: ‘సిస్టంను సాల్వ్ చేస్తుంది’. మొదట ఇవ్వాల్సింది మ్యాట్రిక్స్, రెండోది ఆబ్జెక్ట్. ఏం ఆబ్జెక్టు నాయనా? అడ్డు వరుసలా, నిలువు వరుసలా? కోణాలు డిగ్రీల్లోనా, రేడియన్లలోనా? మ్యాట్రిక్స్‌కు విలోమం లేకపోతే తప్పు అని చెప్తుందా, ఏదో ఒక అంకె విసిరి ఊరుకుంటుందా? లెక్కల్లో ఈ చివరిదే ప్రమాదం. కూడికలో తప్పితే కనిపిస్తుంది. ఇక్కడ పన్నెండు దశాంశాల దాకా ముచ్చటగా అచ్చయ్యే అబద్ధాన్ని పిల్లోడు నమ్మి రికార్డులో రాసుకుంటాడు. ‘ట్యుటోరియల్’ అన్నచోట నొక్కితే ‘త్వరలో’ అని వచ్చింది.

ఎవరినైనా అడిగితే ఒకటే జవాబు: సోర్స్ కోడ్ తెరిచే ఉందిగా, చూసుకో. మా అనంతపురం సీమలో బోరు వేసి మోటారు దించకుండా పోతే దాన్ని నీళ్లిచ్చినట్టు ఎవరూ లెక్కపెట్టరు.

మా రోజుల్లో మాకున్న గణిత సాఫ్ట్‌వేరు లాగ్ టేబుల్ పుస్తకం. క్లార్క్స్ టేబుల్స్ అని అట్ట చిరిగిపోయి ఒకరి చేతినుంచి ఒకరికి వచ్చేది. క్యారెక్టరిస్టిక్ మనం రాసుకోవాలి, మాంటిస్సా పట్టికలో చూడాలి, మీన్ డిఫరెన్స్ కలపాలి. చాక్‌పీసుతో బోర్డుమీద ఒక లెక్క మొదట్నించి చివరిదాకా చేసి చూపించందే మాష్టారు గది దాటేవాడు కాదు.

ఆ ఆచారం మొదలుపెట్టింది లాగ్ కనిపెట్టినాయనే. స్కాట్లండు దొర జాన్ నేపియర్ 1614లో అచ్చువేసిన పుస్తకంలో పట్టికలు 90 పుటలైతే, అవేమిటో, ఎట్లా వాడాలో చెప్పేవి 57 పుటలు. ఆ పట్టిక తానెట్లా కట్టాడో చెప్పే పుస్తకం మాత్రం ఆయన పోయిన తర్వాత, 1619లో వచ్చింది. అంటే యూజర్ మాన్యువల్ ముందు, సోర్స్ కోడ్ ఐదేళ్ల తర్వాత! లాటిన్ రానివాళ్ల కోసం 1616కే ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చేసింది. నాలుగు వందల ఏళ్లకు మనం సాధించిందేమిటంటే, సోర్సు మొదటిరోజే పెడతాం, మాన్యువల్ ఎప్పటికీ పెట్టం.

రాసేవాళ్లు చెడ్డవాళ్లని కాదు. చాలామంది జీతం లేకుండా చేస్తున్నారు. పరిశోధన విద్యార్థికి పేపరు అచ్చయితే పేరు, మాన్యువల్ రాస్తే ఏమీ లేదు. డిగ్రీ చేతికి రాగానే ఉద్యోగానికి పోతాడు, ప్యాకేజీ అనాథ అవుతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ కట్టడి ఉంటే ఇదే మనుషులు రాస్తున్నారు. ఆర్ భాష వాళ్ల సీరాన్ భాండాగారంలోకి ప్యాకేజీ పోవాలంటే, బయటివాళ్లు వాడే ప్రతి ఫంక్షన్‌కూ సహాయ పుట ఉందో లేదో తనిఖీ ఉంటుంది. ఐఐటీ బాంబేలో ఫాస్సీ ప్రాజెక్టువాళ్లు ఇంకో మంచి పని చేశారు. మామూలు పాఠ్యపుస్తకాల్లో సాధించి చూపిన లెక్కలన్నీ విద్యార్థులచేత సైలాబ్ అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో చేయించి ‘టెక్స్ట్‌బుక్ కంపానియన్’ పేరుతో ఉచితంగా పెట్టారు, చేసినవాళ్లకు గౌరవ వేతనమూ ఇచ్చారు. కాగితంమీద జవాబు తెలిసిన లెక్కను మిషన్‌తో చేయించి సరిచూసుకోవడం, నా దృష్టిలో మాన్యువల్ అంటే అదే.

ఆ మాన్యువల్ తెలుగులో కావాలంటే నవ్వుతారు. పావులూరి మల్లన వెయ్యేళ్ల కిందటివాడంటారు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లో దించాడు. జైన వాసన తీసేసి, ఇక్కడివాళ్లకు నచ్చే ఉదాహరణలు తానే కూర్చుకున్నాడు. తాటాకుమీద గంటంతో అంత పని జరిగితే, కీబోర్డుమీద ఒక పేజీ రాయలేమా?

మాకు హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర. మా ఊరి పిల్లలు అక్కడ కోడ్ రాసి బతుకుతున్నారు, మంచిదే. వాళ్లతో ఒకమాట. నాయనా, నువ్వు ఉచితంగా పంచిన ప్యాకేజీని ఈ ఆదివారం ఒకసారి తెరువు. ప్రతి ఫంక్షన్ కిందా జవాబు తెలిసిన లెక్క ఒక్కటి, ఏమియ్యాలి, ఏమొస్తుంది, ఎప్పుడు పనిచేయదు, ఇంతే రాయి. లాగ్ ఉంటే దాని ఆధారం పదా, ఈ-నా రాయి. ఇంగ్లీషులో రాస్తే సరే, కిందనే తెలుగులో కూడా రాస్తే మా పిల్లోడు నా ఇంటికి రాకుండా వాడి పని వాడే చేసుకుంటాడు.