‘డీప్రయారిటైజ్’కు టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసుకు మెతుకుసీమ నుంచి కొలాచల మల్లినాథసూరి దొరికాడు. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాటిచ్చి మరీ టీక రాశాడాయన. బెంగళూరు కాడుగోడి ఐటీ కవులకు అంత అదృష్టం పట్టలేదు. పొద్దున స్టాండప్‌లోనూ రాత్రి అమెరికా కాల్‌లోనూ వాళ్లు పుట్టించే వాఙ్మయమంతా వ్యాఖ్యానం లేకుండానే ఇన్‌బాక్సుల్లో మూలుగుతోంది. హోప్‌ఫారం నుంచి ఐటీపీఎల్ దాకా తెలుగు వినపడని అంతస్తు అరుదు కాబట్టి, మచ్చుకు ఒక్క వాక్యానికి తెలుగులో ఈ టీక.

మూలం: దిస్ హాజ్ బీన్ డీప్రయారిటైజ్డ్ ఫర్ నౌ. విల్ రీవిజిట్.

ప్రతిపదార్థం: దిస్ = నువ్వు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని; హాజ్ బీన్ = నిన్ను పిలవని మీటింగులో; డీప్రయారిటైజ్డ్ = (కింద వివరింపబడును); ఫర్ నౌ = ఇకమీదట; విల్ = ఎవరో ఒకరు; రీవిజిట్ = నువ్వు గుర్తుచేస్తే విసుక్కొందురు.

వ్యాకరణ విశేషం: ఇది కర్మణి ప్రయోగం. తెలుగువాడి నోట ‘బడు’ ధాతువు సహజంగా పలకదు. ‘నాచేత కాఫీ తాగబడినది’ అనేవాణ్ణి ఇంట్లోవాళ్లే అనుమానంగా చూస్తారు. అందుకని కాడుగోడి తెలుగులో ఈ క్రియ రెండు తోకలు తగిలించుకుంది. మీటింగులో ఉన్నవాడు ‘డీప్రయారిటైజ్ చేశాం’ అంటాడు. లేనివాడు ‘డీప్రయారిటైజ్ అయింది’ అంటాడు, వాన పడిందన్నట్టు, కరెంటు పోయిందన్నట్టు. క్లయింటుతో మాట్లాడేటప్పుడు మొదటివాడు కూడా ‘చేయాల్సి వచ్చింది’లోకి జారుకుంటాడు. ఎవడి స్థాయి ఏమిటో తెలియడానికి హోదా చూడక్కర్లేదు, తోక వింటే చాలు.

‘రీప్రయారిటైజ్’ అని పాఠాంతరం. వరసంతా మారుస్తాం, కొన్ని పైకి, కొన్ని కిందికి అని ఉదారమైన అర్థం. అయితే పైకి వెళ్లిన పని తాలూకు మనిషికి ఈ మాట ఎవరూ చెప్పరు. వాడికి ‘అర్జెంట్’ అని మాత్రమే చెప్తారు. కాబట్టి చెవికి చేరేసరికి రెండు పాఠాలూ ఒకటే.

అర్థ విచారం: వాచ్యార్థంలో పని ఒక మెట్టు దిగింది, అంతే. మెట్లు ఎన్ని? 2002లో అట్లాసియన్ అనే ఆస్ట్రేలియా కంపెనీ తెచ్చిన జిరాలో మామూలుగా ఐదు: హయ్యెస్ట్, హై, మీడియం, లో, లోయెస్ట్. (ఈ జిరా జీలకర్ర కాదు, జపాను సినిమా రాక్షసి గొజిరా పేరులోంచి తుంచినది.) ‘లోయెస్ట్’లో పడ్డ పని మళ్లీ పైకెక్కగా నేను చూడలేదు. పైమెట్టు మీద మాత్రం ఎప్పుడూ తొక్కిసలాటే. పీ వన్‌లు (మొదటి ప్రాధాన్యం పనులు) కిక్కిరిసిపోయాకే కదా పీ జీరో పుట్టింది. ఒకటి కంటే సున్నా గొప్పదైన గణితం ఇక్కడే చూస్తాం.

లక్ష్యార్థం వేరు. ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని చెప్పుకోవాలని ఆలంకారికులు నేర్పారు. అలాగే ‘బ్యాక్‌లాగ్‌లో ఉంది’ అంటే బ్యాక్‌లాగ్ ఒడ్డున పడేశారని గ్రహించాలి. 1994లో డై క్లెగ్ అనే ఆయన పనుల్ని మస్ట్, షుడ్, కుడ్, వోంట్ అని నాలుగు బుట్టల్లో వేశాడు. నాలుగోది ‘ఈసారికి చేయం’ అని ఒప్పుకునే బుట్ట. మన క్రియకు ఆ ధైర్యం లేదు. చేయమని చెప్పదు, చేస్తామనీ చెప్పదు.

ఇంట్లో ఈ క్రియ చెల్లదు. వంటింటి కుళాయికి వాషర్ మార్చమని నెలనుంచి అడుగుతున్న ఇల్లాలితో ‘అది డీప్రయారిటైజ్ అయింది’ అన్న మహానుభావుడు ఆ రాత్రి తిన్నది నిన్నటి ఇడ్లీ. ఆ పూట వంట కూడా అలాగే అయిందట.

శంక: కాడుగోడి మెట్రో కూడా ఇదే జాతిది కాదా? 2023 మార్చి 25న వైట్‌ఫీల్డ్ (కాడుగోడి) నుంచి కె.ఆర్.పురం దాకా 13.71 కిలోమీటర్లు తెరిచారు. బైయప్పనహళ్లితో కలిపే రెండు కిలోమీటర్ల చిల్లర అక్టోబర్ 9కి గానీ నడవలేదు. ఆ మధ్యకాలమంతా రైలు దిగి, బస్సెక్కి, మళ్లీ రైలెక్కడం. సమాధానం: కాదు. అది ఆలస్యం. చేస్తున్నామని ఒప్పుకున్న పనికే ఆలస్యం వర్తిస్తుంది. మన క్రియ మీద తేదీ నిలవదు.

ఇక అసలు దోషం. వాక్యం నిండాలంటే ఆకాంక్ష తీరాలంటుంది శాస్త్రం. ‘తెచ్చాడు’ అనగానే దేన్ని అని చెవి అడుగుతుంది. ‘ప్రాధాన్యం తగ్గింది’ అనగానే దేనికంటే అని అడగాలి కదా! ముందు వెనకలు ఒంటరి వస్తువుకు ఉండవు. ఇంకొకటి ముందుకు పోతేనే ఇది వెనక. ఆ ఇంకొకటి ఏదో మూలంలో లేదు. కర్తను దాచడం ఏపాటి, పోటీదారునే దాచేశాడు కవి.

దీనికి ప్రతిగా కుప్పం వైపు నుంచి కాడుగోడిలోని వైట్‌ఫీల్డ్ స్టేషనుకు రోజూ పనికొచ్చేవాళ్ల మాట వినండి. వాళ్ల బండి దారిలో ఆగుతుంది. 2022 నవంబరులో మొదలైన చెన్నై–మైసూరు వందే భారత్‌ది ఇదే లైను. ‘ముందర వందే భారత్ పోవల్లంట, మనల్ని లూప్‌లో పెట్టినారు’ అంటాడు తలుపు దగ్గర నిలబడ్డవాడు. పెట్టినారు, కాబట్టి కర్త ఉన్నాడు, పేరు తెలియకపోయినా తిట్టుకోవడానికి పనికొస్తాడు. ముందు పోయేదేదో చెప్పాడు. అది దడదడమని పోగానే సిగ్నల్ పడుతుంది. వాక్యానికి శాస్త్రం అడిగే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఒక్క ముక్కలో కుదిరాయి. మల్లినాథుడికి కూడా ఇక్కడ పనుండదు.

ఆ బండి దిగి వచ్చిన కుర్రాడొకడు ఈమధ్య మీటింగులో పై మూలవాక్యం విని, అలవాటు కొద్దీ అడిగేశాడు: ‘అయితే దీని ముందర ఏం పోతా ఉందన్నా?’

‘లెట్స్ టేక్ ఇట్ ఆఫ్‌లైన్’ అన్నాడు మేనేజరు. అది వేరే మూలం. దానికి టీక ఇంకా కష్టం.