స్టెప్నీ ఆత్మకథ

లారీ వాళ్ల లెక్కలో నేను 'పది ఇరవై' రేడియల్‌ని. ప్రస్తుత ఉద్యోగం స్టెప్నీ. కురబలకోట మండలం అంగళ్లులో ఆరు టైర్ల టమోటా లారీకి నేను ఏడోదాన్ని. ఛాసిస్ కింద వేలాడుతుంటాను. పని తక్కువ, వినికిడి ఎక్కువ. బాడుగ ఎందుకు పెరిగిందని పైన ఎవరు గొడవపడినా మొదట నా చెవినే పడుతుంది.

నేను పుట్టింది ఎంతో దూరంలో కాదు, సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో. 2020లో అక్కడ టైర్ల ఫ్యాక్టరీ మొదలైంది. నా ఒంట్లో రబ్బరు చెట్టు పాలతో పాటు ముడిచమురు నుంచి తీసిన సరుకూ, ఉక్కు తీగలూ ఉన్నాయి. అందుకే గల్ఫ్‌లో చమురు ధర పెరిగితే లారీకి ట్యాంకులోనూ దెబ్బే, కాళ్లలోనూ దెబ్బే. నాలాంటి జత కొనాలంటే 40 వేల పైమాటే. టైర్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 18కి దిగింది. అప్పటికి నా వయసు మళ్లిపోయింది.

కొత్త టైరుకు ముందు స్థానమిస్తారు. 2021లో నన్నూ ముందే బిగించారు. లారీ కూడా కొత్తదే, అప్పు చేసి కొన్నది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లే అమ్మాలన్నారు. పొగ తగ్గింది గానీ, ధర పెరిగింది. డీజిల్‌తో పాటు యాడ్‌బ్లూ కూడా పోయాలి. మా వాళ్లు దాన్ని యూరియా అంటారు. పొలానికే అనుకున్న యూరియా లారీకీ తప్పలేదు.

అసలు తిండిపోతు డీజిలే. తిరుగుడు ఖర్చులో దాదాపు సగం దానిదే. 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద పట్టు వదిలిన రోజు ఢిల్లీలో లీటరు 55 రూపాయల 60 పైసలు. 2020లో కరోనాతో ముడిచమురు నేలకు దిగింది, బంకులో ధర మాత్రం దిగలేదు. ఆ మే నెలలో కేంద్రం లీటరుకు 13 రూపాయల సుంకం పెంచి ఆ తగ్గుదలను తానే తీసుకుంది. తర్వాత 2021 నవంబరులో 10, 2022 మేలో 6 తగ్గించింది. మన రాష్ట్రం వంతు వేరే: 22.25 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఒక రూపాయి. అన్నీ కలిసి లీటరు 97 రూపాయల చుట్టూ తిరిగింది. అందుకే మా డ్రైవరు చీకలబైలు దాటి కర్ణాటకలో ట్యాంకు నింపేవాడు. అక్కడ ఒకప్పుడు లీటరుకు పది రూపాయల దాకా మిగిలేది. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక కూడా పన్ను పెంచాక ఆ మిగులు కొంత కరిగిపోయింది.

తమిళనాడుకు మా దారుల్లో ఒకటి 42వ జాతీయ రహదారి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరి. ఫాస్టాగ్ వచ్చాక టోల్ దగ్గర నిలబడే సమయం తగ్గింది, కట్టే సొమ్ము మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. 12 నుంచి 20 టన్నుల లారీకి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే 2022 జూన్ నుంచి 35,313 రూపాయలు. స్టాండులో మా పక్కన ఆగే ముసలి లారీ గోడు ఇంకోటి. 15 ఏళ్లు దాటిన పెద్ద బండికి ఫిట్‌నెస్ రుసుము 2022 ఏప్రిల్‌లో 12,500కు ఎక్కింది. కుప్పంలో గ్రానైట్ బండ్లది సముద్రం దాకా సాగే బాధ. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోయాయి. ఓడ బాడుగ అక్కడ పెరిగితే రాయి ఇక్కడ కదలదు.

ముందు అరిగాక నన్ను వెనక్కి మార్చారు. బరువంటే ఏమిటో అక్కడ తెలిసింది. 2018లో రెండిరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5కు పెంచారు. అంతకు మించి ఎక్కిస్తే 2019 చట్ట సవరణ ప్రకారం 20 వేల జరిమానా, పైన టన్నుకు 2 వేలు. పాతకాలపు చౌక బాడుగ రహస్యం నాకు చెన్నై దారిలోని మొగిలి ఘాట్‌లో అర్థమైంది. అది చౌక కాదు, ఓవర్‌లోడు. ఆ లెక్కలో తేడాను టైరూ, బ్రేకూ, రోడ్డూ భరించేవి. ఇప్పుడది బిల్లులో కనబడుతోంది.

తర్వాత నన్ను రీట్రెడ్ చేశారు. పాత ఒంటికి కొత్త బటన్లు. మరి కొంతకాలం తిరిగి, చివరికి స్టెప్నీనయ్యాను.

కింద వేలాడుతూ విన్న మాటల్లో ఎక్కువ సార్లు విన్నది ఇది:

"ఏం నాయనా, బాక్సుకు బాడుగ మళ్లీ పెంచితివే?"

"నేనేం జేసేది మామా? ఖాళీ బాక్సులు ఎత్తుకోని తిరిగొచ్చేదానికీ డీజిలు పొయ్యాల గదా!"

ఆ మాటలో పెద్ద నిజముంది. పోయేటప్పుడు టమోటా, వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు. రిటర్న్ లోడు దొరకని లారీకి రెండువైపుల ఖర్చూ ఒకవైపు సరుకే మోయాలి. మార్కెట్లో దించేదాకా నిలిచిన గంటలకు బత్తా ఉంటుంది, కిలోమీటరు ఉండదు. పైగా డ్రైవర్లు కరువు. మా డ్రైవరు కొడుకు అంగళ్లులోనే ఇంజనీరింగు చదువుతున్నాడు. స్టీరింగు పట్టనంటాడు, తండ్రి కూడా పట్టమనడు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. ఆ ఖర్చూ బాడుగలోకే వస్తుంది.

2023 జూలై చివర్లో మదనపల్లెలో మొదటి రకం టమోటా కిలో 200కు దగ్గరగా పలికింది. అప్పుడు బాడుగ ఎవరికీ గుర్తు రాలేదు. కొన్ని వారాలకే ధర కూలింది. డీజిల్ ధర దానితో పాటు కూలదు కదా! కాయ రేటు ఎంత పడినా బాక్సు బరువు అదే, దారి అదే. చెన్నై కోయంబేడు మార్కెట్లో వ్యాపారి తన బాడుగ లెక్క ముందు తీసేసుకుని, మిగిలిందే రైతుకు రేటు కడతాడు. పెరిగిన బాడుగ లారీ యజమానికి మిగలడం లేదు, రైతు ధరలోంచి మాత్రం పోతోంది.

దూరపు సరుకుకు రైలు మేలు. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పోయింది, పండ్లకూ కూరగాయలకూ బాడుగలో సగం రాయితీ ఇచ్చారు. కురబలకోటలోనూ రైల్వే స్టేషనుంది. టైరునై ఉండి రైలును పొగడటం విచిత్రమే గానీ, న్యాయం న్యాయమే. ఢిల్లీ సరుకు రైలెక్కాలి, చెన్నై సరుకు మాకు వదలాలి. 2017 నుంచి జీఎస్టీ బయటే ఉన్న డీజిల్‌ను లోపలికి తేవాలి, అప్పుడు సరిహద్దు దాటి ట్యాంకు నింపుకొనే బాధ తప్పుతుంది. ఈ రెండూ జరగనంత కాలం బాడుగ తగ్గదు. దానికి లారీని తిట్టి లాభం లేదు.